మూసలో పోసిన మనుష్యులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. మనది వానకొరకు ఆకాశమువంక చూచు మెట్టసీమ. ఇట్టిచోట చందాలు పోగుచేసి, పుస్తకములు కొని, వానిని చెదలనుండి కాపాడి, ప్రతి సాయంకాలము దీపము వెలిగించి కూర్చున్నవారికి మొదట నా నమస్కారములు. ఈ ఉత్సవ సందర్భమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానించినందులకు కార్యవర్గమువారికి కృతజ్ఞుడను.

గ్రంథాలయమునకు ఒక పుస్తకము కొనవలెనన్న మీరందరు కూర్చుండి ఆలోచింతురు. ఇది పిల్లలకు తగునా, దీనివలన ప్రయోజనమేమి, దీనికి వెల యెంత అని విచారింతురు. కాని ఈ బీరువాలలో లేని పుస్తకమొకటి మన యిండ్లలో ప్రతిదినము చదువబడుచున్నది. నెల్లూరినుండి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి బస్సులో వచ్చువాడు గోడలమీద, దారి ప్రక్కన నిలిపిన పెద్దపెద్ద పలకలమీద దానిని చదువును. టెలివిజను ముందు కూర్చున్న అవ్వ దానిని చదువును. అక్షరము రాని పసివాడు సెల్‌ఫోనులో దానిని చదువును. అదియే వ్యాపార ప్రకటన. దానికి తోబుట్టువు సినిమా. ఈ పుస్తకమును ఏ కార్యవర్గమును పరీక్షించి తెప్పించలేదు. ఎవరును చదువుమని చెప్పలేదు. అయినను మనలో అందరికంటె ఎక్కువగా చదువబడునది అదియే. అందు స్త్రీని గూర్చియు, మనిషి రంగును గూర్చియు, జాతిని గూర్చియు ఏమి వ్రాయబడియున్నదో నేడు కొంత విచారింతము.

కంచరి పనిలో మూస యని యొకటి కలదు. ఎంత లోహము పోసినను, ఎన్నిసార్లు పోసినను, దానినుండి ఒకే రూపము వచ్చును. ఇంగ్లీషువారు ఇట్టి భావమునకు స్టీరియోటైపు అను మాట వాడుదురు. అదియు మొదట అచ్చుకూటపు మాటయే. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఫ్రాన్సు దేశపు ముద్రాపకుడు ఫిర్మిన్ డీడో, పేర్చిన అక్షరముల పుటనంతయు ఒకే లోహపు పలకగా పోతపోసి, దానితో వేలకొలది ప్రతులు తీయు పద్ధతికి ఆ పేరు పెట్టెను. ఒకసారి పోతపోసిన పలకలో ఒక్క అక్షరమును మార్చుటకు వీలులేదు. 1922లో వాల్టర్ లిప్మన్ అను అమెరికను పత్రికారచయిత ఆ మాటను తీసికొని, మన తలలలో ముందుగానే పోతపోసి యుంచుకొన్న మనుష్యుల బొమ్మలకు వాడెను. మనము మనిషిని చూచి బొమ్మ గీసికొనుట లేదు. బొమ్మను చూచి మనిషిని నిర్ణయించుచున్నామని ఆయన వాదము. ఈ మాట మనకు కొత్త కావచ్చును గాని విషయము కొత్తది కాదు. ఫలాన కులమువాడు పిసినారి, ఫలాన ఊరివారు కలహప్రియులు, అత్తయన్న గయ్యాళి, నల్లనివాడన్న మోటువాడు అని మనము పోసికొన్న మూసలు కొల్లలు.

ప్రకటన యన్నంతనే దూషింపవలసిన పని లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనము స్థాపించి, ఆ వ్యాపారమున గడించిన ధనముతో 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించిరి. డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్త్రీలకు లోధ్ర అను ఔషధమమ్మి, 1928లో గృహలక్ష్మి పత్రికను నెలకొల్పిరి. తెలుగు పత్రిక బ్రతికి బట్టకట్టుటకు మందుసీసాలును తలనొప్పి మందులును తోడ్పడినవి. సరకున్నదని చెప్పుట తప్పు కాదు. కాని సరకు అమ్ముటకు ముందు కొనువానికొక లోటు చూపవలెను. లేని లోటును కల్పించి, దానికి మందు నేనే యని చెప్పుట ఆరంభమైనప్పుడు చిక్కు వచ్చును.

మొదట రంగు సంగతి చూతము. మన పురాణములలోని దేవుళ్ళను తలచుకొనుడు. రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుని పేరే నల్లనివాడని. పాంచాలికి కృష్ణయని పేరు. ఆమె అందమునకు రాజలోకమంతయు స్వయంవరమునకు కదలివచ్చెను. పూజామందిరమున నల్లనివానికి హారతి పట్టి, పెండ్లిచూపులలో నల్లపిల్లను వలదనుట మనకే చెల్లినది. పిల్ల పుట్టినదని తెలియగానే ఆడపిల్లా మగపిల్లవాడా యని మొదటి ప్రశ్న, రంగేమియని రెండవ ప్రశ్న. చామనచాయ యని చెప్పుటకే తల్లి సంకోచించును.

ఈ సంకోచమును ఆధారము చేసికొని ఒక వ్యాపారము పెరిగినది. 1975లో హిందూస్థాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనమును బజారునకు తెచ్చెను. తెల్లదనమును అందమును ఒకే పేరున కుట్టివేసిన ఘనత ఆ పేరుదే. కొంతకాలమునకు వచ్చిన ఒక ప్రకటన యొక్క కథ వినుడు. ఒక తండ్రి తనకు కొడుకున్న బాగుండెడిదని విచారించుచుండును. అది విన్న కూతురు ఈ లేపనము పూసికొని తెల్లబడి, విమానములో ఉద్యోగము సంపాదించి, తండ్రిని సంతోషపెట్టును. చూడుడు, ఒక్క నిమిషములో ఎన్ని మూసలో! కొడుకు లేని ఇల్లు శూన్యమనుట ఒకటి. నల్లపిల్లకు ఉద్యోగము రాదనుట రెండవది. చదువును తెలివియు కాదు, చర్మమే అర్హత యనుట మూడవది. మహిళా సంఘములు దీనిపై ఆందోళన చేసినవి. కేంద్ర సమాచార ప్రసార శాఖ అభ్యంతరము చెప్పగా 2003లో అట్టి ప్రకటనలు నిలిచిపోయినవి. ప్రకటనకర్తలు తామే 1985లో ఏర్పరచుకొన్న భారత ప్రకటన ప్రమాణముల మండలి, 2014లో, నల్లని వారిని దుఃఖితులుగాను, పెండ్లికిని ఉద్యోగమునకును తగనివారుగాను చూపరాదని నియమము చేసెను. 2020లో ఆ లేపనము పేరులోనుండి తెల్లదనమును తెలుపు మాట తీసివేసి గ్లో అండ్ లవ్లీ యనిరి. ఆ సంవత్సరమే షాదీ డాట్ కామ్ అను వివాహ సంబంధముల సంస్థ, రంగునుబట్టి వధూవరులను వెదకు మీటను తొలగించెను. పేరు మారినది, మీట పోయినది. కాని మన పెండ్లి పేరయ్య నోటిలోని మొదటి ప్రశ్న మారినదా?

ఇది కేవలము మనస్సు నొచ్చుకొను విషయమైన ఇంతగా చెప్పనవసరము లేదు. ఇందు ప్రాణమును ధనమును గూడ చిక్కుకొని యున్నవి. రంగు తక్కువైన కట్నమెక్కువ యను బేరము మనకు తెలియనిది కాదు. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను, చామనచాయగల బిడ్డను కన్న రైతు రెండెకరముల చెలక అధికముగా అమ్ముకొనవలసి వచ్చుచున్నది. ఇక మందుల దుకాణములో దొరకు లేపనముల సంగతి. కొన్నింటిలో బలమైన స్టెరాయిడు మందులు కలియును. మొదట ముఖము తెల్లబడినట్లుండును. పిదప చర్మము పలుచబడును, మొటిమలు లేచును, వెండ్రుకలు మొలచును, ఎండ తగిలిన మంట పుట్టును. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి పెక్కు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిర్ణయించెను. పాదరసము కలిసినవి మూత్రపిండములకే చేటు తెచ్చును.

శాస్త్రము చెప్పునది తేటతెల్లమైన విషయము. చర్మమునకు రంగునిచ్చునది మెలనిన్ అను పదార్థము. దానిని తయారుచేయు కణముల సంఖ్య తెల్లవానిలోను నల్లవానిలోను దాదాపు సమానమే. అవి చేయు మెలనిన్ పరిమాణములోనే భేదము. ఎండలోని తీక్ష్ణకిరణములనుండి శరీరమును కాపాడుటకు ప్రకృతి పట్టిన గొడుగది. ఉదయగిరి కొండక్రింద మేనెల ఎండలో మేకలు కాయువానికి ఆ గొడుగు వరము గాని శాపము కాదు. గొడుగును చూచి సిగ్గుపడువాడు ఎవడైన నుండునా?

పసివారి మనస్సుపై ఇట్టి బొమ్మలు ఏమి చేయునో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అను నల్లజాతి దంపతులు 1940 ప్రాంతమున పరీక్షించి చూచిరి. వారు నల్లపిల్లలముందు రంగు తప్ప మరి భేదము లేని నాలుగు బొమ్మలనుంచి, మంచిబొమ్మ యేది, చెడ్డబొమ్మ యేదియని అడిగిరి. పెక్కుమంది పిల్లలు తెల్లబొమ్మ మంచిదనిరి, నల్లబొమ్మ చెడ్డదనిరి. పిదప నీవలె నుండు బొమ్మ యేదియని అడుగగా, కొందరు పిల్లలు బదులు చెప్పలేక ఏడ్చిరట. తెల్లవారికి నల్లవారికి వేరువేరు బడులుంచుట రాజ్యాంగ విరుద్ధమని 1954లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినప్పుడు ఈ పరీక్షయు లెక్కకు వచ్చినది. ఆ పిల్లలకు ఎవరును పాఠము చెప్పలేదు. చుట్టునున్న బొమ్మలే చెప్పినవి.

ఆ బొమ్మలెట్టివో గూడ చెప్పెదను. ఇంగ్లండులో పియర్స్ సబ్బు కంపెనీవారు పందొమ్మిదవ శతాబ్దపు చివర, నల్లపిల్లవానిని తొట్టిలో ముంచి సబ్బుతో కడుగగా తెల్లబడినట్లు బొమ్మ వేయించిరి. నలుపన్న మురికి యని దాని భావము. అమెరికాలో ఆంట్ జమైమా యను అట్లపిండి పొట్లముమీద, నవ్వుచు తెల్లదొరల వంటయింట ఊడిగము చేయు నల్లజాతి స్త్రీ బొమ్మ 1889 నుండి నూటముప్పది యేండ్లకు పైగా వెలసెను. 2021లో గాని ఆ పేరు తీసివేయలేదు. బానిసత్వము చట్టములో 1865లోనే పోయినది; పొట్లముమీద మరియొక నూరేండ్లు దాటి నిలిచినది.

ఇది తెల్లవారికిని నల్లవారికిని గల తగవు, మనకేమి యని తలపకుడు. మనవారును ఆ మూసలో పడినవారే. తెలుగు దేశమునుండి దక్షిణాఫ్రికాకు, మారిషస్‌కు, ఫిజీకి చెరకుతోటల పనికి పోయినవారిని అక్కడి దొరలు పేరుతో గాక కూలీ యనియే పిలిచిరి. బారిష్టరు చదివిన గాంధీగారు గూడ అక్కడ కూలీ బారిష్టరే. ఇటీవలి కాలమున అమెరికా టెలివిజనులో సింప్సన్స్ అను బొమ్మల ధారావాహికలో అపూ అను భారతీయ దుకాణదారుని పాత్ర 1990 నుండి వచ్చెను. తెల్లజాతి నటుడు యాసను వెక్కిరించుచు మాటలాడుటయే ఆ పాత్రకు హాస్యము. మనవారి పిల్లలు బడికి పోయిన తోటివారు ఆ యాసతోనే వారిని వెక్కిరించిరి. హరి కొండబోలు అను హాస్యనటుడు, తెలుగు దంపతుల బిడ్డ, న్యూయార్కున పెరిగినవాడు, 2017లో ఆ పాత్రను గూర్చియే ఒక చిత్రము తీసి ప్రశ్నించెను. 2020లో ఆ నటుడు ఇక ఆ పాత్రకు గొంతు ఇయ్యనని ప్రకటించెను. ఒక హాస్యగాడు హాస్యమునకే న్యాయము నేర్పెను.

అంతకుముందు 2013 సెప్టెంబరులో నీనా దావులూరి యను తెలుగు యువతి అమెరికా సుందరి కిరీటము గెలుచుకొన్నది. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రదేశమునుండి వలసపోయినవారు. భారతీయ సంతతివారిలో ఆ కిరీటము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ రాత్రియే అక్కడి కొందరు ఈమె అమెరికను కాదని, అరబ్బుస్త్రీ యని, నోటికి వచ్చినట్లు వ్రాసిరి. మన దేశమున పత్రికలన్నియు ఆ జాతి దురహంకారమును ఖండించినవి. కాని ఇక్కడనే పెక్కుమంది మరియొక ప్రశ్న వేసిరి: ఇంత చామనచాయగల పిల్ల మన దేశపు అందాల పోటీలో నిలిచియుండిన గెలిచెడిదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మన నోరు పెగలదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలనిరి. పరాయి దేశమున మన రంగును గౌరవింపుమని అడుగువారము, ఇంటిలోని బిడ్డ రంగును ముందుగా గౌరవింపవలదా?

ఇక స్త్రీ సంగతి. తెలుగు రంగస్థలముపై చాలకాలము స్త్రీ పాత్రను పురుషుడే ధరించెను. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున ప్రజలను పరవశులను జేసి 1956లో పద్మశ్రీ పొందిరి. ఆయన కళకు వంక పెట్టువారు లేరు. కాని స్త్రీ నడక యిట్లుండవలె, అలక యిట్లుండవలె నని పురుషుడు పోసిన మూసనే పిదప స్త్రీలు గూడ అనుకరింపవలసి వచ్చినది. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు తమ యింటి స్త్రీలనే రంగమెక్కించి దారి చూపిరి. బళ్ళారి రాఘవగారు కులస్త్రీలు రంగమునకు రావలెనని పోరాడిరి. 1932లో మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేషము వేసినది సురభి కమలాబాయియే.

సినిమా వచ్చిన పిదప ఇంకొక మూస తయారైనది: గయ్యాళి యత్త. సూర్యకాంతమ్మగారు ఆ పాత్రకు ప్రాణము పోసిరి. 1962లో వచ్చిన గుండమ్మకథ చూడనివారు మనలో అరుదు. ఆమె అభినయము ఎంత బలముగ నాటుకొన్నదనగా, బిడ్డకు ఆ పేరు పెట్టుటకు తెలుగువారు జంకిరని లోకమంతయు చెప్పుకొనును. ఎంత విచిత్రము! కీచకునిగా, రావణునిగా నటించిన పురుషులను మనము నటులుగానే చూచితిమి. అత్తగా నటించిన స్త్రీ పేరునే ఇండ్లనుండి వెలివేసితిమి. అదే కాలమున ఒంగోలు ప్రాంతపు దొడ్డవరములో పుట్టిన భానుమతిగారు 1953లో చండీరాణి చిత్రమునకు దర్శకత్వము వహించిరి. అత్తగారి కథలు వ్రాసి, అత్తయన్న ఆచారములు, చాదస్తములు, అభిమానము, అమాయకత్వము కలిసిన నిండుమనిషి యని నవ్వించుచునే చూపించిరి. మూసను పగులగొట్టుటకు కోపమొక్కటియే మార్గము కాదు. మంచి హాస్యమును చాలును.

ప్రకటనలలోని స్త్రీని గమనింపుడు. ఆమెకు రెండే పనులు: అలంకరించుకొనుట, మరకలు పోగొట్టుట. భర్త చొక్కా తెల్లగా లేకున్న ఆమెకు సిగ్గు. బిడ్డ పాలు త్రాగకున్న ఆమెదే తప్పు. పురుషుడు బండి కొనును, బీమా తీయును, సిమెంటు నాణ్యము పరీక్షించును. ఎరువుల బస్తామీద, విత్తనముల పొట్లముమీద రైతు బొమ్మ వేసినప్పుడు తలపాగయు మీసమునుగల పురుషునే వేయుదురు. సోమశిల ఆయకట్టులో నడుము వంచి నాట్లు వేయునదెవరు? కలుపు తీయునదెవరు? గొడ్లకు మేత కోసి తెచ్చునదెవరు? బస్తా మోసిన చేతిని బస్తామీద బొమ్మలో వెదకిన కనబడదు. వడ్రంగము మగవాని పనియని మన మూస. ఉదయగిరిలో కొయ్యను చెక్కి, చెంచాలును గరిటెలును నునుపుగా తీర్చి దేశదేశములకు పంపు చేతులలో ఎన్ని స్త్రీల చేతులో మీరెరుగుదురు.

చట్టములు లేకపోలేదు. స్త్రీలను అసభ్యముగా చూపుటను నిషేధించు చట్టము 1986లో వచ్చినది. 1994నాటి కేబుల్ టెలివిజను నియమములు, జాతిని, కులమును, రంగును కించపరచు ప్రకటన కూడదనియు, స్త్రీ అణగియుండుటకే పుట్టినదన్నట్లు చూపరాదనియు స్పష్టముగా చెప్పుచున్నవి. ప్రకటన ప్రమాణముల మండలి 2022లో స్త్రీపురుషుల మూసచిత్రణపై ప్రత్యేక సూత్రములు చేసెను. 2023లో మన సర్వోన్నత న్యాయస్థానము, తీర్పులలో గూడ స్త్రీలను గూర్చిన మూసమాటలు వాడరాదని న్యాయమూర్తులకొరకే ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. న్యాయమూర్తులకే ఈ పాఠము కావలసి వచ్చినప్పుడు మనకు అక్కరలేదని యెట్లు చెప్పగలము? కాని చూచువాడు అడుగనంతవరకు చట్టము బీరువాలోని పుస్తకమే.

జాతి మూసలకు దూరదేశము పోనక్కరలేదు. మన జిల్లాలోనే చూడవచ్చును. 1871లో ఇంగ్లీషువారు నేరస్థ జాతుల చట్టము చేసి, 1911 తరువాత దానిని మద్రాసు రాజధానికి గూడ వర్తింపజేసిరి. పుట్టిన బిడ్డనే దొంగయని వ్రాసికొన్న చట్టమది. ఎరుకలవారు రాత్రివేళ హాజరు చెప్పుకొనవలసిన సెటిల్మెంట్లలో బ్రతికిరి. కావలిలోను అట్టి సెటిల్మెంటు ఉండెను. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. కాని సినిమాలో దొంగకు పెట్టు పేరు, వేయు వేషము, మాటలాడించు యాస రద్దు కాలేదు. యానాదులను పరిహాసమునకు వాడుకొనుట మానలేదు. మన జిల్లావారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతయు యానాదుల అభ్యున్నతికి ధారపోసి 1973లో పద్మభూషణ్ గౌరవము పొందిరి. పాములను, మూలికలను, అడవిని, నీటిని ఎరిగిన వారి విజ్ఞానమును గౌరవింపుమని అట్టివారు చెప్పిరి. మనము వారి వేషమును అనుకరించి నవ్వుకొంటిమి. పెంచలకోనలో నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించెనని స్థలపురాణము. దేవుడు చేయిపట్టిన పిల్ల జాతిని మనము సినిమాలో ఆటపాటలకు మాత్రమే పనికివచ్చు బొమ్మగా చేసితిమి.

కొందరు అడుగుదురు: ఇదంతయు వినోదమే గదా, నవ్వుకొనుటకే గదా, ఇంత విచారమేల? నేను వినోదమునకు విరోధిని కాను. మాయాబజారులో రంగారావుగారి ఘటోత్కచుని చూచి మురియని తెలుగువాడు లేడు. రాక్షసుని గూడ ముద్దుగా చూపవచ్చునని 1957లోనే ఆ చిత్రము నిరూపించినది. 2020లో వచ్చిన కలర్ ఫోటో అను తెలుగు చిత్రము నల్లని యువకుని అవమానమునే కథగా గైకొని జాతీయ బహుమతి పొందినది. వినోదము వేరు, వెక్కిరింత వేరు. నవ్వినవాడు లేచిపోవును, నవ్వబడినవాడు ఆ నవ్వును ఇంటికి మోసికొనిపోవును. ఒక్కసారి చూచిన బొమ్మవలన చేటు లేకపోవచ్చును. నీటిబొట్టు రాతిపై ఒక్కసారి పడిన ఏమియు కాదు. నిత్యము పడిన గుంట పడును.

బొమ్మ యింత చెరుపు చేయగలదన్న, అది యింత మేలును చేయగలదు. దానికి సాక్ష్యము మన ముంగిటనే యున్నది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము జరిగినప్పుడు, రాత్రిబడులలో పలక పట్టిన స్త్రీల చేతికి వాచకములు వచ్చినవి. ఆ వాచకములలోని స్త్రీ ముఖమునకు లేపనము పూసికొను స్త్రీ కాదు, మరకలకు సిగ్గుపడు స్త్రీ కాదు. భర్త సారాయికి కూలిడబ్బులు పోయగా బిడ్డల ఆకలి చూచి ఆలోచించు స్త్రీ. తమ బ్రతుకును తాము మొదటిసారి అచ్చులో చూచుకొనిరి. కలిగిరి మండలము దూబగుంట స్త్రీలు కూడి, వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నిలిచి, తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ సంగతియే తరువాతి వాచకమున పాఠమైనది. ఆ పాఠము చదివిన వేరు ఊళ్ళ స్త్రీలు, దూబగుంటవారు చేసినది మేమేల చేయరాదనిరి. 1992లో జిల్లాయంతట సారాయి వేలములు అడ్డగింపబడినవి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారాయి నిషేధము వచ్చినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయిన మాట నిజమే. అయినను నూతివద్ద ఊసులాడుటకు తప్ప ఆడువారు ఏకము కారను మూస ఆనాడు పగిలినది; మరల అతుకలేదు.

ఇందు మనము గ్రహింపవలసినది యేమి? వేలకోట్ల ప్రకటనలు చేయలేని పని, కొద్ది పుటల వాచకము చేసినది. ఎందుచేతననగా అందులోని బొమ్మ నిజమైనది. కావున గ్రంథాలయమునకు ఈ విషయమున గొప్ప బాధ్యత కలదని నా మనవి. నాలుగు సూచనలు చేసి ముగించెదను.

మొదటిది: నెలకొకసారి బాలబాలికలను కూర్చుండబెట్టి, పత్రికలోని ప్రకటన నొకదానిని ముందుంచి మూడు ప్రశ్నలు వేయుడు. ఇందు ఎవరిని చూపిరి? ఎవరిని విడిచిరి? ఎవరిని చూచి నవ్వుమనుచున్నారు? ఇంత చాలును. పిల్లలే మిగిలినది చెప్పుదురు.

రెండవది: బీరువాలో ఒక అర నిజమైన మనుష్యుల చరిత్రలకు కేటాయింపుడు. కొండ కావలి బద్వేలు ప్రాంతమున గోపవరమున పుట్టెనని చెప్పుకొను కుమ్మరి మొల్ల రామాయణము వ్రాసినది. నెల్లూరున పొణకా కనకమ్మగారు 1923లో బాలికలకు కస్తూరిదేవి విద్యాలయము స్థాపించిరి. ఇట్టివారి కథలు చదివిన పిల్లకు లేపనపు సీసా చిన్నదిగా కనబడును.

మూడవది: మన ఊరి స్త్రీల, యానాదుల, ఎరుకల వృద్ధుల నోటి మాటలను వ్రాసి భద్రపరచుడు. తమను గూర్చి తాము చెప్పుకొను అవకాశము లేనివారిని గూర్చియే ఇతరులు మూసలు పోయుదురు.

నాలుగవది గ్రంథాలయమునకు కాదు, మనకు. బిడ్డ పుట్టిన యింటికి పోయినప్పుడు రంగు అడుగకుడు. పెండ్లి సంబంధము చెప్పునప్పుడు పిల్ల చదువు చెప్పుడు, గుణము చెప్పుడు. రంగు ప్రసక్తి మానుడు. దీనికి చట్టమక్కరలేదు, ధనమక్కరలేదు. నాలుకను కొంచెము అదుపులో పెట్టుకొనిన చాలును.

ఈ గ్రంథాలయము మరి యిరువదియైదు సంవత్సరములకు స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాటి సభకు, నేడు వెనుక వరుసలో చాపమీద కూర్చున్న ఈ బాలికలలో ఒకతె అధ్యక్షురాలు కావలెనని, ఆమె రంగేమియో ఎవరికిని జ్ఞాపకముండరాదని నా ఆకాంక్ష.